మొహం అక్కది, ఫొటో ఎవరిది?

పోయిన సంక్రాంతికి రామగిరి పోయినప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. ధర్మవరంలో మా అక్క పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియో ముందర అక్క ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ ఉందట. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. అడ్డుతెర పక్కకు జరిగింది, అక్క తలెత్తి చూస్తోంది. ఆమె మొహం మామూలు మనిషికి మూడింతలు ఉంటుంది ఆ ఫ్లెక్సీలో. 2019లో పెళ్లయితే అదే ఏడాది పెట్టారు, అప్పట్నుంచీ అక్కడే ఉంది.

ఇందులో బాధేముంది అంటారా? ఆ పెళ్లి నిలబడలేదు. 2022లో అక్క ఇంటికొచ్చేసింది. ఇప్పుడు ధర్మవరంలో ఒక బడిలో టీచరు. రోజూ పొద్దున బస్సు దిగి ఆ ఫ్లెక్సీ కింద నుంచే బడికి నడిచి పోవాలి, సాయంత్రం దాని కిందనే తిరిగి రావాలి.

"ఎప్పుడూ చెప్పలేదేం అక్కా?" అని అడిగా.

"రోజూ చూస్తానే ఉండాను. ఎండకు రంగు పోతాదిలే అనుకుంటి. పోలే" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

అనంతపురం ఎండకు కూడా పోని రంగు అది. మర్నాడే బండేసుకుని స్టూడియోకి పోయా. ఫొటోగ్రాఫరు చెడ్డ మనిషేం కాదు, చెబితే మర్యాదగానే విన్నాడు. కానీ నేను "మా ఫొటో మమ్మల్ని అడక్కుండా ఎట్లా పెడతారు" అనేసరికి ఆయనకి రోషం వచ్చింది. "తీసింది నేను, కెమెరా నాది, లైట్లు నావి. మీకు ఆల్బమ్ ఇచ్చినా, పెన్‌డ్రైవ్ ఇచ్చినా. కాపీరైట్ మాత్రం నాదేనప్పా. అమెరికాలో గూడా ఇంతే" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నేనూ అంతే అనుకున్నా. మనకి ఈ విషయాలు తెలిసేది ఇంటర్నెట్‌లోనే కదా, ఇంటర్నెట్‌లో కనపడేదంతా అమెరికా చట్టమే. తీసినవాడిది హక్కు, కొన్నవాడిది వాడుకునే లైసెన్సు. సోర్స్ కోడ్ కంపెనీ దగ్గరుంటుంది, క్లయింటుకి ఎగ్జిక్యూటబుల్ ఇస్తారు, అట్లాంటిదే ఇది అని నా బుర్ర కూడా ఒప్పేసుకుంది. నోరు మూసుకుని తిరిగొచ్చా.

బెంగళూరు చేరాక ఒక ఆదివారం కూర్చుని మన కాపీరైట్ చట్టం, 1957 తెరిచా. సెక్షన్ 17 దగ్గర ఆగిపోయా. మామూలుగా రాసినవాడే, గీసినవాడే, తీసినవాడే మొదటి హక్కుదారు. కానీ దాని కిందనే (బి) అని ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా అడిగితే, ప్రతిఫలం తీసుకుని ఫొటో తీసినా, రూపచిత్రం గీసినా, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే అడిగించుకున్నవాడే మొదటి హక్కుదారు.

అంటే ఫొటోగ్రాఫరు చెప్పింది తలకిందులు. డబ్బులిచ్చి పెళ్లి ఫొటోలు తీయించుకుంటే, కాయితం మీద ఇంకోలా రాసుకోకపోతే, హక్కు మనదే. అతను ఫ్లెక్సీ వేసుకోవాలంటే అతనే మనల్ని అడగాలి.

ఇదేదో మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. దీని చరిత్ర తవ్వుతూ పోతే చాలా దూరం పోయింది. బ్రిటన్‌లో ఫొటోలకి మొట్టమొదట కాపీరైట్ ఇచ్చింది 1862లో, చిత్రకళల కాపీరైట్ చట్టం కింద. ఆ చట్టంలోనే ఈ మెలిక ఉంది. డబ్బులిచ్చి ఒకరు తీయించుకున్న నెగెటివ్ మీద హక్కు తీయించుకున్నవాళ్లదే, ఫొటోగ్రాఫరు తనకు ఉంచుకోవాలంటే వాళ్ల సంతకంతో రాయించుకోవాలి. అప్పట్లో ఫొటో తీయించుకోవడమంటే కలిగినవాళ్ల పని. దొరల ఇంటి ఆడవాళ్ల బొమ్మలు అంగట్లో పెట్టి అమ్ముకోకుండా కాపాడే అడ్డుగోడగా ఇది పనికొచ్చింది. 1911లో బ్రిటన్ చట్టాన్ని తిరగరాసినప్పుడు ఈ ముక్క అట్లాగే ఉంచారు. ఆ 1911 చట్టాన్నే కొద్దిపాటి మార్పులతో 1914లో మన దేశానికి తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో మన సొంత చట్టం రాసుకున్నప్పుడు కూడా ఆ ముక్క మిగిలింది. 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది.

ఇప్పుడు అసలు కథ. 1888లో ఇంగ్లండులో పొలార్డ్ అనే ఆవిడ రోచెస్టర్‌లోని ఒక స్టూడియోలో ఫొటో దిగింది, డబ్బులిచ్చి కాపీలు తెచ్చుకుంది. తరవాత చూస్తే, ఆ స్టూడియోవాళ్లు ఆమె బొమ్మ చుట్టూ ఆకులూ అలంకారాలూ పెట్టి క్రిస్మస్ కార్డు తయారుచేసి అద్దాల కిటికీలో పెట్టారు. ఫ్లెక్సీ లేని రోజుల్లో ఫ్లెక్సీ అన్నమాట! ఆమె కోర్టుకెక్కింది. చిక్కేంటంటే, 1862 చట్టం కింద దావా వేయాలంటే కాపీరైట్ రిజిస్టరు చేయించి ఉండాలి. పెళ్లాం బిడ్డల ఫొటోలు ఎవడు రిజిస్టరు చేయిస్తాడు? ఆవిడా చేయించలేదు. ఫొటోగ్రాఫరు తరఫు వాదన, నెగెటివ్ మాది, మా ఇష్టం అని. జడ్జి ఒప్పుకోలేదు. గిరాకీ వచ్చి ఫొటో దిగినప్పుడు, ఆమెకి కావలసిన కాపీలు తీసివ్వడానికే ఆ నెగెటివ్ వాడతాననే ఒప్పందం, నోటితో చెప్పకపోయినా, అందులోనే ఉంది, దాన్ని తప్పడం నమ్మకద్రోహం అని చెప్పి ఆ కార్డులు ఆపించాడు.

ఇది చదివినప్పుడు నాకు ధర్మవరం స్టూడియోనే కళ్లముందు కనపడింది. నూట ముప్పై ఏళ్లు దాటినా అదే కొట్లాట.

ఆ 1888లోనే జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాని జనం మీదికి వదిలాడు. ఆయన ఊరి పేరూ రోచెస్టరే, కాకపోతే న్యూయార్క్ రాష్ట్రంలోది. అదే ఊళ్లో ఇంకో గొడవ జరిగింది. రాబర్సన్ అనే అమ్మాయి ఫొటోని ఒక పిండి మిల్లు వాళ్లు ప్రకటనకి వాడుకుని పాతిక వేల కాపీలు వేశారు, ఆ అమ్మాయికి తెలియకుండా. 1902లో న్యూయార్క్ పెద్ద కోర్టు నలుగురు ఒక పక్క, ముగ్గురు ఒక పక్క చీలిపోయి, నీ మొహం మీద నీకట్లాంటి హక్కేదీ చట్టంలో లేదమ్మా అని తేల్చింది. జనం గోల గోల చేశారు, మర్నాటి ఏడే న్యూయార్క్ దానికి చట్టం తెచ్చింది.

మరి అమెరికాలో హక్కు ఫొటోగ్రాఫరుదే అనే మాట ఎక్కడిది? దానికీ ఓ మంచి కథ ఉంది. 1882లో నెపోలియన్ సరొనీ అనే ఫొటోగ్రాఫరు ఆస్కార్ వైల్డ్‌ని ఫొటోలు తీశాడు. వాటిలో పద్దెనిమిదో నంబరు ఫొటోని ఒక లితోగ్రాఫ్ కంపెనీ 85,000 కాపీలు కొట్టేసింది. కోర్టులో వాళ్ల వాదన, ఫొటో తీసేది యంత్రం, ఇందులో రచన ఏముంది అని. 1884లో అమెరికా సుప్రీంకోర్టు, కూర్చోబెట్టింది ఇతను, బట్టలు సర్దింది ఇతను, వెలుగు నీడలు ఎంచింది ఇతను, కాబట్టి రచయిత ఇతనే అంది. 610 డాలర్ల పరిహారం ఖాయమైంది. కానీ ఇక్కడొక సంగతి మర్చిపోతాం. సరొనీ తన సొంత వ్యాపారం కోసం పేరున్నవాళ్లని కూర్చోబెట్టి తీసేవాడు. గిరాకీ వచ్చి డబ్బులిచ్చి తీయించుకునే ఫొటోలకి అమెరికా కోర్టులు కూడా చాలాకాలం హక్కు గిరాకీదే అనుకున్నాయి. అది మారింది 1976 చట్టంతో, 1978 నుంచి. అందుకే డల్లాస్‌లో ఉండే మన మిత్రులు సొంత పిల్లల స్టూడియో ఫొటోలు ప్రింటు వేయించడానికి పోతే ల్యాబ్ వాళ్లు ఫొటోగ్రాఫరు రాసిచ్చిన కాయితం అడుగుతారు. కెనడా ఇంకా తమాషా, 2012 నవంబరు దాకా మనలాగే గిరాకీ పక్షం, ఆ తరవాత ఫొటోగ్రాఫరు పక్షం. టొరంటోలో 2011లో పెళ్లయినవాడికి ఒక న్యాయం, 2013లో అయినవాడికి ఇంకోటి :)

బ్రిటన్ కూడా 1988 చట్టంలో హక్కుని ఫొటోగ్రాఫరుకే ఇచ్చేసింది. కాకపోతే 85వ సెక్షన్ అని ఒకటి పెట్టింది. ఇంటి అవసరాలకోసం తీయించుకున్న ఫొటోలని, హక్కు ఫొటోగ్రాఫరుదే అయినా, తీయించుకున్నవాళ్లని అడక్కుండా జనంలో పెట్టకూడదు. నాకైతే ఇది అన్నిటికన్నా తెలివైన పద్ధతి అనిపించింది. ఈ అభిప్రాయం కాసేపట్లో మారింది, చెబుతా.

మన తెలుగు దేశం సంగతికి వస్తే, ఫొటోగ్రఫీ అనగానే గుర్తు రావలసింది రాజా దీన్‌దయాళ్. పుట్టింది ఉత్తరాదిన, 1844లో. రూర్కీ థామసన్ కాలేజీలో చదివి ఇందోరులో ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఇంజనీరు. ఇంజనీరింగ్ చదివి వేరే పని చేయడం మనతో మొదలవలేదన్నమాట. సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, 'రాజా' బిరుదు అందుకున్నాడు. నన్ను ఆకట్టుకున్న విషయం ఏంటంటే, 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్లకోసమే ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక ఆంగ్లేయ మహిళని పెట్టాడు. పరదా చాటు ఇళ్లలో ఆడవాళ్ల మొహాన్ని ఎవరు చూడవచ్చు అనేది అప్పుడు చట్టం తేల్చే విషయం కాదు, గోడలు తేల్చేవి. ఆయన గాజు నెగెటివ్‌లకి నంబర్లు వేసి ఉంచుకునేవాడు. ఆయన 1905లో పోయాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లని కొనుక్కుంది. ఫొటోలు తీయించుకున్నది నవాబులు, డబ్బులిచ్చింది వాళ్లు, చివరికి నెగెటివ్‌లు మిగిలింది తీసినవాడి వారసుల దగ్గర.

ఇక్కడే ఉంది కిటుకంతా. మన దేశంలో 1914 నుంచీ హక్కు గిరాకీది, నెగెటివ్ మాత్రం స్టూడియోది. మా తాత రామగిరి బంగారు గనుల్లో పనిచేశాడు. 2001లో గనులు మూతబడ్డాయి, ఆయన ఒకే ఒక్క స్టూడియో ఫొటో గోడమీద మిగిలింది. చెమ్మకి అది పాడయ్యాక నాయన ఆ స్టూడియో వెతుక్కుంటూ పోయాడు. కవరు మీద నంబరు రాసుకుని దాచేవాళ్లు కదా, ఆ నెగెటివ్ ఉంటే ఇంకో ప్రింటు వేయించుకుందామని. స్టూడియో తీసేసి మెడికల్ షాపు పెట్టారు. నెగెటివ్‌లన్నీ ఏమయ్యాయంటే, వెండి తీసేవాళ్లకి కేజీల లెక్కన అమ్మేశారట. వాటి మీద హక్కులున్న జనాలకి హక్కున్నట్టు తెలీదు, వాటిని పెట్టుకున్నవాడికి వెండి మాత్రమే కనపడింది. రిపాజిటరీ ఒకడి దగ్గర, ఓనర్‌షిప్ ఇంకొకడిది, బ్యాకప్ ఎవరి దగ్గరా లేదు. ఇట్లాంటి ప్రాజెక్టులు మీరూ చూసే ఉంటారు.

డిజిటల్ వచ్చాక పరిస్థితి మారిందా? మారలేదు. ఆల్బమ్‌కి ఎంచిన రెండొందల ఫొటోలు మనకి, మూడు వేల అసలు ఫైళ్లు ఆయన హార్డ్‌డిస్కులో. ఫైళ్లన్నీ అప్పగించాలా అంటే అది కాపీరైట్ ప్రశ్న కాదు, ముందు మాట్లాడుకున్న బేరం ప్రశ్న. ఇంకోటి, హక్కు మనదే అయినా ఫొటోగ్రాఫరు రచయిత కాకుండా పోడు. ఇది నేనే తీశాను అని చెప్పుకునే హక్కు, తన పేరు పోయేలా దాన్ని చెడగొడితే అడిగే హక్కు 57వ సెక్షన్ కింద అతనికే ఉంటాయి. కాబట్టి వాట్సాప్‌లో పెట్టేముందు మూలనున్న స్టూడియో పేరుని కత్తిరించే అలవాటుంటే మానుకోండి.

(మన వృత్తి వాళ్లకొక పిడకల వేట. 17(బి)లో ఫొటో, బొమ్మ, సినిమా ఉన్నాయి గానీ సాఫ్టువేరు లేదు. ఉద్యోగి రాసిన కోడ్ కంపెనీది, అది వేరే క్లాజు. కానీ బయట ఫ్రీలాన్సరుగా రాసిన కోడ్, సంతకంతో రాసివ్వకపోతే, డబ్బులిచ్చిన క్లయింటుది కాదు, మీదే. రాసిచ్చినా గడువు వేయకపోతే అయిదేళ్లే లెక్క. పెళ్లి ఫొటోగ్రాఫరుకి లేని సుఖం మనకుంది.)

సరే, ఇంత చదివాక రెండు కాయితాలు ప్రింటు తీసుకుని, ఉగాదికి మళ్లీ ఊరొచ్చా. బిల్లు వెతికితే బీరువాలో దొరికింది. వెనకవైపు నిబంధనలు ఉన్నాయి. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. మూడు నెలల్లోగా తీసుకోకపోతే మా బాధ్యత లేదు. హక్కుల గురించి ఒక్క ముక్క లేదు. గెలిచేశాననుకున్నా.

రాత్రి అన్నం తినేటప్పుడు నాయనకి ఇదంతా విడమరిచి చెబుతున్నా. ఫొటోలు మాట్లాడింది నువ్వు, డబ్బులిచ్చింది నువ్వు, కాబట్టి చట్టప్రకారం హక్కు నీది నాయనా, నువ్వు ఒప్పుకోకుండా ఆయన ఫ్లెక్సీ వేయకూడదు అని. నాయన తలెత్తలేదు.

"ఒప్పుకున్న్యా" అన్నాడు.

ఆల్బమ్ తెచ్చుకోవడానికి పోయినప్పుడు ఆయన అడిగాడట, "అన్నా, పాప ఫొటో బాగొచ్చినాది, బోర్డుకి వేసుకోనా" అని. నాయనకి అప్పుడు గర్వమే. వేసుకోమన్నాడు. ఆ ఏడాది ధర్మవరం పోయిన చుట్టాలందరికీ చూపించాడు కూడా. హక్కుదారు అనుమతి ఇచ్చాడు. నా ప్రింటు కాయితాలు ఇంక దేనికి?

అక్క పక్కనే ఉంది. "అయితే నా మొహానికి ఓనరు వాడా, నువ్వా అని మీ ఇద్దరే తేల్చుకుంటాండారా?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఎవరమూ నవ్వలేకపోయాం.

అప్పుడు అర్థమైంది నాకు. నూట యాభై ఏళ్ల చరిత్రంతా తీసినవాడికీ డబ్బులిచ్చినవాడికీ మధ్య నడిచింది. పొలార్డ్ గెలిచింది ఎందుకంటే ఆవిడే గిరాకీ. నేను తెలివైనదని మెచ్చుకున్న బ్రిటన్ 85వ సెక్షన్ కూడా తీయించుకున్నవాళ్లకే హక్కిస్తుంది, ఫొటోలో ఉన్నవాళ్లకి కాదు. మన ఇళ్లలో పెళ్లికి ఫొటోగ్రాఫరుని మాట్లాడేది నాయన, లేదా మామ. పెళ్లికూతురు ఎప్పుడూ గిరాకీ కాదు. మా దగ్గరే ఉన్న లేపాక్షిలో వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ముల బొమ్మలు ఉంటాయి, అచ్యుతరాయల కాలంవి. కట్టించినవాళ్ల పేరు నిలబడింది. వాళ్ల చుట్టూ ఉన్న మిగతా మొహాలవాళ్లని అడిగే గీశారా అని ఎవరం ఆలోచిస్తాం?

మన దగ్గర ఫొటోలో ఉన్న మనిషికి ఏమీ లేదని కాదు. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు అంటారు, ఒకరి పేరుగానీ రూపంగానీ వాళ్ల సమ్మతి లేకుండా ప్రకటనలకి వాడటం ఏకాంత హక్కుకి భంగం అని సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఆ హక్కుని ప్రాథమిక హక్కుగా ఖాయం చేశారు. ఇవన్నీ అక్కకి పనికొచ్చేవే. కానీ అక్క కోర్టుకి పోతుందా, స్టూడియో ఫ్లెక్సీకోసం?

పోలేదు. మర్నాడు సాయంత్రం బడి వదిలాక తనే ఒక్కతే స్టూడియో మెట్లెక్కింది. నేను బండి మీద వచ్చేసరికి కుర్రాడు నిచ్చెన వేసి ఫ్లెక్సీ విప్పుతున్నాడు. ఫొటోగ్రాఫరు మొహం చిన్నబోయింది. "నాకు తెలీదమ్మా, నువ్వు ఒక్క మాట చెప్పుంటే అప్పుడే తీసేటోన్ని గదా. మీ తమ్ముడు కాపీరైట్ అని మాట్లాడె, నేనూ మాట్లాడితి" అన్నాడు. నిజమే. నేను పోయిన పూట సంగతేంటో చెప్పకుండా హక్కు ఎవరిదని మొదలుపెట్టా. బగ్ రిపోర్టులో బగ్ రాయకుండా పాలసీ రాసినట్టు.

ఫ్లెక్సీ చుట్టి మాకే ఇచ్చాడు. నాయన దాన్ని బొమ్మ లోపలికి వచ్చేలా తిప్పి శెనక్కాయ మూటల మీద కప్పాడు.

హార్డ్‌డిస్కులో ఉన్నవి ఏం చేయమంటారు అని అడిగాడాయన. అన్నీ తీసేయమని నేను అనబోతుంటే అక్క ఆపింది. మా అవ్వ 2021లో పోయింది. ఆమెకి మంచి ఫొటోలంటూ ఉన్నవి ఆ పెళ్లిలోవే. ఆ కంప్యూటరు ముందర కూర్చుని మూడు వేల ఫొటోలూ అక్కే ఒక్కొక్కటి తిప్పి చూసింది, అవ్వ ఉన్నవాటిని వేరే ఫోల్డరులో వేయించింది. ఇరవై మూడు తేలాయి. రెండింట్లో అవ్వ పక్కన బావ కూడా ఉన్నాడు. కత్తిరించేదా అని ఆయన అడిగితే, వద్దు, అట్లే ఉండనీ అంది.